పీణ్యలో హెక్స్ నేర్చుకున్న రోజు

బాలానగర్‌లో మా షాపులో ఫిట్టింగ్‌లకు హెక్స్, అంటే స్పానర్ పట్టే ఆరు పలకలు, తీయాలంటే రెండు సెట్టింగులు. థ్రెడ్ లేత్ మీద, హెక్స్ వీఎంసీ (మిల్లింగ్ మెషీన్) మీద. జాబ్ విప్పి మళ్లీ పట్టించినప్పుడల్లా సెంటర్ ఎంతో కొంత తప్పేది. ఒక లాట్ మొత్తం వెనక్కి వచ్చాక, అప్పు చేసి లైవ్ టూలింగ్ (టూల్ తానే తిరిగి కోసే ఏర్పాటు) ఉన్న సీఎన్‌సీ లేత్ కొన్నాం. దాని సెట్టింగ్ నేర్చుకుందామని బెంగళూరు బయల్దేరాను.

పొద్దున్నే యశ్వంతపురంలో రైలు దిగి, గ్రీన్ లైన్ మెట్రోలో పీణ్య ఇండస్ట్రీ చేరాను. షెడ్డు గుమ్మంలోనే కూలెంట్ వాసన. మా బాలానగర్‌లో ఉన్నట్టే అనిపించి ప్రాణం కుదుటపడింది.

ఫోర్‌మన్‌ది హిందూపురం. "ప్రోగ్రాం తర్వాత చూద్దామప్పా, ముందు డయల్ తీసుకో" అన్నాడు. డయల్ అంటే గీతకు 10 మైక్రాన్ల చొప్పున తేడా చూపే గేజీ. తిరిగే టూల్‌ను పట్టే లైవ్ హోల్డర్ కొల్లెట్‌లో గ్రౌండ్ పిన్ (నున్నగా సానపట్టిన కడ్డీ) బిగించి, డయల్ స్టాండును జాబ్ పట్టే చక్‌కి అంటించి, చక్‌ను చేత్తో మెల్లగా తిప్పమన్నాడు. పిన్ పైన సున్నాకు పెట్టిన ముల్లు, కిందికి వచ్చేసరికి ఆరు గీతలు జరిగింది. అందులో సగం, అంటే 30 మైక్రాన్లు, సెంటర్ తప్పినట్టు. ఆ మెషీన్‌కు టూల్‌ను పైకీ కిందికీ జరిపే వై యాక్సిస్ లేదు, ఆఫ్‌సెట్ వేసి సరిదిద్దే దారీ లేదు. హోల్డర్ దించి చూస్తే సీటింగ్ మీద వెంట్రుకంత చిప్! తుడిచి బిగించాక ముల్లు ఒక్క గీత దాటలేదు. ఎన్నేళ్లుగానో డయల్ పడుతున్నాను, చక్‌నే తిప్పి టూల్ సెంటర్ చూడొచ్చని నాకు తట్టనే లేదు.

28 ఎంఎం బార్ మీద 24 హెక్స్, అంటే ఎదురెదురు ముఖాల మధ్య 24 ఎంఎం. మూలల దగ్గర 27.7 వస్తుంది కాబట్టి బార్ సరిపోతుంది. టూల్, చక్ కదలికలను కలిపి పలకలు తీయించే జీ12.1 కోడ్‌లో ఎక్స్ విలువ డయామీటర్‌గా, సి విలువ రేడియస్‌గా రాయాలని రెండుసార్లు చెప్పించుకున్నాను.

సైకిల్ స్టార్ట్ నొక్కితే ఎండ్‌మిల్ (పలకలు కోసే టూల్) తిరుగుతోంది కానీ ముందుకు కదలదు. టెన్షన్‌తో చెమటలు పట్టాయి.

"అన్నా, ఏమైంది?"

"జీ99లో వదిలేసినావు తమ్ముడూ. చక్ తిరగనప్పుడు తిరుగుడుకింత అని ఫీడ్ ఇస్తే ఎట్ల నడుస్తుంది? జీ98 పెట్టు."

నిమిషానికింత అని మార్చగానే టూల్ కదిలింది. మూడు జతల ముఖాలకూ మైక్రోమీటర్ పెట్టాను: 24.01, 24.00, 24.01. విప్పకుండా అదే పట్టులో థ్రెడ్ కూడా పడింది.

రాత్రి రైలెక్కగానే ఇంటికంటే ముందు షాపుకే ఫోన్ చేశాను. "బావా, రేపు నేనొచ్చేలోపు 12 ఎంఎం గ్రౌండ్ పిన్ ఒకటి తెప్పించు. హోల్డర్లన్నీ దించి సీటింగులు తుడిపించు."