మా ఆఫీసు గురించి చెప్పాలనిపించింది

హన్మకొండలో ఓ చిన్న యాడ్ ఏజెన్సీలో డిజైనర్‌గా చేస్తున్నాను. వరంగల్ అనగానే కళాతోరణం బొమ్మ పెట్టి పంపేయడం ఇక్కడ కుదరదు. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ డర్రీల (జంపఖానాల) మీద పోస్టర్ చేయాల్సి వస్తే, మా అన్న (ఓనర్‌ని అందరం అన్నా అనే పిలుస్తాం) ముందు కొత్తవాడ వెళ్లి మగ్గాలు చూసి రమ్మన్నాడు.

రివ్యూలో కొత్తగా చేరిన అమ్మాయి, "అన్నా, మనం చూసిన ఎరుపు ఇది కాదు" అంది. సీనియర్లు ఎవరూ ముఖం మాడ్చుకోలేదు. రంగు మార్చాం. క్లయింట్‌కి పంపిన మెయిల్‌లో ఆ సూచన ఆమెదేనని అన్న రాశాడు. ఇంతకుముందు నేను పనిచేసిన చోట నా డిజైన్లు వేరేవాళ్ల పేర్ల మీద పోయేవి. అందుకే ఆ ఒక్క లైన్ చదివితే నాకే కళ్లు చెమర్చాయి.

మేడారం జాతర ముందు పని ఎక్కువే, టెన్షన్ కూడా. సద్దుల బతుకమ్మ నాడు మాత్రం ఆఫీసుకు తాళమే.