గట్టు మీద టేపు పట్టుకుని

జూలై 6, ఆదివారం

పికప్ కొనాలా, మహీంద్రా థార్ జీపు కొనాలా అన్న పంచాయితీ మా ఇంట్లో ఏడాదిగా నడుస్తోంది. ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, పొలం ప్రత్తిపాడు దాటాక. వానాకాలం ఆదివారాల్లో బురదలో బండి నడపడం నాకున్న పిచ్చి. మిర్చి నాటే రోజుల్లో ఎరువు కట్టలు కూడా మోస్తుంది కదా అని ఇన్నాళ్లూ పికప్ వైపే మొగ్గాను.

ఇవాళ పోర్టికో కొలిచాను. పదిహేనడుగులు, అంటే 4,572 మి.మీ. ఇసుజు వీ-క్రాస్ పికప్ దాదాపు 5.3 మీటర్లు. తోక రెండడుగులకు పైగా సందులోకి వస్తుంది. పక్కింటాయనతో స్కూటర్ గొడవే ఇంకా తేలలేదు. మూడు తలుపుల థార్ 3,985 మి.మీ., గేటు హాయిగా పడుతుంది.

జూలై 13

మా బావది వీ-క్రాస్. మన శ్రీసిటీలో తయారైన బండే. రాత్రి వాన పడింది, పొద్దున్నే డొంకలో దించాం. టైర్ల గాలి 32 నుంచి 20కి తగ్గించాం. తొట్టి ఖాళీగా ఉండటంతో వెనక భాగం తేలికైపోయి ప్రతి గతుక్కీ ఎగిరింది. నాలుగు డీఏపీ కట్టలు, 200 కిలోలు, వేశాక కుదురుకుంది.

ఆ కుదురు చూసుకుని కాలవ గట్టు ఎక్కించాను. ముందు చక్రాలు అవతలికి దిగాయి, వెనకవి ఇవతలే ఉన్నాయి, కింద బరబరమని చప్పుడు. "ఆగు బావా, కడుపు ఆనింది!" అని బావ కేక. నాలుగు చక్రాలకీ ఎక్కువ బలమిచ్చే 4-లో (4 లో గేరు) వేసినా చక్రాలు తిరగడమే తప్ప బండి కదల్లేదు. పక్క చేను ట్రాక్టర్ వచ్చి లాగింది.

అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. నల్లరేగడి మడ్‌గార్డు లోపల దట్టంగా పట్టి, ఎండకి గట్టిపడి టైరుకి రాసుకుంటోంది. పైపు నీళ్లకి లొంగలేదు. కర్రముక్కతో పెళ్లలు పెళ్లలుగా రాల్చాం, గంటన్నర పట్టింది. తడిగా ఉండగానే కడగాల్సింది.

జూలై 20

బండి లేకుండానే గట్టుకి పరీక్ష పెట్టాను. గట్టుకి అటూ ఇటూ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) అంత ఎడంలో రెండు పుల్లలు పాతాను. ఒక పుల్ల మొదట్లోంచి రెండో దాని మొదట్లోకి ఎంత ఎత్తు తేడా ఉందో నీళ్ల మట్టం గొట్టంతో చూసి, ఆ రెండు మొదళ్లనీ కలిపే గీత కంటే గట్టు తల ఎంత పైకుందో లెక్కేశాను. వీ-క్రాస్ వీల్‌బేస్ 3,095 మి.మీ. దగ్గర 26 సెం.మీ. వచ్చింది. కడుపు ఆనకుండా ఎలా ఉంటుంది! థార్ 2,450 దగ్గర 19. థార్ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి కడుపుకీ మధ్య ఎత్తు) 22.6 సెం.మీ. కాబట్టి దాటాలి.

జూలై 27

దాటింది. స్నేహితుడి థార్‌లో అదే గట్టు మూడుసార్లు ఎక్కి దిగాను. తారురోడ్డు ఎక్కగానే వెనక చక్రాలకే బలమిచ్చే 2హైకి మార్చాను. ఎండిన రోడ్డు మీద నాలుగు చక్రాలకీ బలమిచ్చే 4హైలో తిప్పితే మలుపుల్లో గేర్లు బిగుసుకుపోతాయి.

సెకండ్‌హ్యాండ్‌లో రెండు థార్‌లు చూశాను. ఒకదానికి గేర్ రాడ్డు పక్కన ఉండాల్సిన, 2హై, 4హై మార్చే చిన్న రాడ్డే లేదు. 2023 నుంచి వెనక చక్రాలతోనే నడిచే రకం కూడా అమ్ముతున్నారు. పైకి రెండూ ఒకటే, మన పనికి అది దండగ. ఎరువుల సంగతంటారా, ఏడాదికి రెండు మూడుసార్లు టాటా ఏస్ మాట్లాడుకుంటే సరిపోతుంది. దానికోసం రోజూ 5.3 మీటర్లు ఈ సందుల్లో తిప్పలేను.

బేరం ఖాయమనుకుంటుండగా అమ్మ వెనక సీటు చూసి, "ముందు సీటు మడిచి, దూరి ఎక్కాలా? నా మోకాళ్లతోనా?" అంది.

థార్ రాక్స్‌కి ఐదు తలుపులు. పొడవు 4,428 మి.మీ., పోర్టికోలో 14 సెంటీమీటర్లు మిగులుతుంది. వీల్‌బేస్ మాత్రం 2,850. వచ్చే ఆదివారం పుల్లలు మళ్లీ పాతాలి.