ఒకే సవరణ, ఇద్దరు పిల్లలు

"నేను నోరు తెరిస్తే చాలు, నువ్వు సరిచేస్తావు. అందుకే తెరవను" అన్నాడు మా చిన్నోడు, అమ్మమ్మతో వీడియో కాల్‌కి రమ్మంటే. నాకు కోపం రాలేదు, భయమేసింది. వాడికి తెలుగు రాకుండా పోతుందేమోనని కాదు, నా ముందు మాట దాచుకోవడం అలవాటు చేసుకుంటున్నాడేమోనని.

ఆ వారమే వాడి అక్కకి సైన్స్‌లో మొక్కల హార్మోన్ల పాఠం. పక్కన కూర్చుని చదివించాను. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి ప్రచురించిన ప్రయోగం అందులో ఉంది. లేత గడ్డి మొలక కొసకి వెలుతురు సోకకుండా చిన్న టోపీ పెడితే మొలక వంగలేదు. కొసని వదిలేసి కింది భాగాన్ని కప్పితే వెలుతురు వైపు వంగింది. వెలుతురుని పసిగట్టేది కొస, వంగేది దాని కింది భాగం. కబురు మోసేదేదో మధ్యలో ఉండాలి. అది ఆక్సిన్ అనే హార్మోన్ అని తర్వాత తేలింది. నీడ పక్కకి ఎక్కువగా చేరి అక్కడి కణాల్ని సాగదీస్తుంది, మొలక వెలుతురు వైపు ఒరుగుతుంది.

ఇదంతా నేనూ చిన్నప్పుడు చదివిందే. ఈసారి మనసులో నిలిచిపోయింది వేర్ల సంగతి. మొక్కని అడ్డంగా పడుకోబెడితే ఆక్సిన్ కింది పక్కకి చేరుతుంది. కాండంలో ఆ పక్క కణాలు సాగి, కాండం పైకి లేస్తుంది. వేరులోనూ అదే ఆక్సిన్, అదే కింది పక్క. కానీ అక్కడ సాగుదల తగ్గిపోతుంది, వేరు కిందికి తిరుగుతుంది. ఒకచోట పెంచేదే ఇంకోచోట ఆపుతోంది.

మా పెద్దది "అమ్మమ్మ వచ్చింది అనాలా, వచ్చారు అనాలా?" అని వెంటపడి అడుగుతుంది. చెప్పకపోతే అలుగుతుంది. అదే సవరణ చిన్నోడి నోరు మూయిస్తోంది.

గొంగళిపురుగు టమాటా ఆకుని కొరికితే, కొరకని ఆకుల్లో కూడా పురుగుకి ప్రోటీన్ అరగనివ్వని పదార్థాలు తయారవుతాయి. ఆ పని చేయించేది జాస్మోనిక్ ఆమ్లం అనే ఇంకో హార్మోన్. అది గట్టిగా పనిచేస్తున్నప్పుడు మొక్క ఎదుగుదల తగ్గుతుంది. అసలు గాయమే అక్కర్లేదు. ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కని రోజూ పదేపదే తాకుతూ ఉంటే చాలు, పొట్టిగా ఉండిపోతుంది, ఆలస్యంగా పూస్తుంది. ఇది చదివాక నా సవరణలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఏదీ గాయం చేసేంత పెద్దది కాదు. ప్రతి వాక్యానికీ ఒకటి, అంతే.

అలాగని మానేయమని ఎవరికైనా సలహా ఇవ్వగలనా? గాలి తాకిడికి పెరిగిన మొక్కల్లో చాలావాటికి కాండం పొట్టిగా, లావుగా తయారవుతుంది, గాలికి తట్టుకుంటుంది. ఏ ఒరిపిడీ లేకుండా పెరిగిన తెలుగు ఇంటి గుమ్మం దాటాక నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. అందుకే నా పట్టు పూర్తిగా వదల్లేదు. చిన్నోడు అమ్మమ్మతో మాట్లాడినంతసేపూ నేను ఆ గదిలో ఉండకూడదని మాత్రం అనుకున్నాను. వాడు వచ్చీరాని తెలుగులో చెప్పుకుంటాడు, ఆవిడ ఎలాగూ అర్థం చేసుకుంటుంది. పెద్దదానికి అడిగిన చోట చెబుతాను. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరు అడుగుతుంటే ఇంకొకరు ముడుచుకుపోతున్నప్పుడు ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.