ఊపిరి ఆగిన చోటల్లా కామా కాదు

బీఎస్సీ అయ్యాక కాపీ ఎడిటర్ ఉద్యోగం కోసం నెల్లూరు నుంచి చెన్నై వెళ్లాను. విదేశీ పబ్లిషర్ల పుస్తకాలు, జర్నళ్లు అచ్చుకు సిద్ధం చేసే కంపెనీలు అక్కడ చాలా ఉన్నాయి. ముందు ట్రైనింగ్ ఇస్తారు, చివర్లో టెస్ట్ పెడతారు. పాసయితేనే అసలు ఫైళ్లు చేతికొస్తాయి. స్పెల్లింగుల గురించి మా బ్యాచ్‌లో ఎవరికీ పెద్ద టెన్షన్ లేదు. అందర్నీ ఏడిపించింది కామాయే.

స్కూల్లో మాకు నేర్పిన సూత్రం ఒక్కటే, చదివేటప్పుడు ఊపిరి ఆగే చోట కామా పెట్టమని. అది వట్టి కల్పన కూడా కాదు. ఎప్పుడో క్రీస్తు పూర్వం అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో అరిస్టోఫేన్స్ అనే పండితుడు పెట్టిన చుక్కలు, పైకి చదివేవాళ్లు ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పడానికే. కానీ ఇప్పటి ఇంగ్లీషు కామా ఊపిరి మాట వినదు, వాక్యం కట్టుబడినే చూస్తుంది. ‘ద చిల్డ్రన్ అడ్మిటెడ్ టు ద వార్డ్ డ్యూరింగ్ ద సెకండ్ వీక్ ఆఫ్ ద స్టడీ’ అని చదివేసరికి ఎవరికైనా ఊపిరి ఆగుతుంది. అయినా అక్కడ కామా పడదు. అదంతా కర్తే. క్రియ ఇంకా రాలేదు. ఆ రెంటినీ ఒంటి కామాతో విడదీయకూడదు.

మా ట్రైనర్ మేడమ్ కొన్నాళ్ల పాటు మమ్మల్ని అసలు కామాలే పెట్టనివ్వలేదు. పెన్సిల్ తీసుకుని క్రియ కింద గీత, దాని కర్త కింద గీత గీయండి, అంతే అన్నారు. చిన్నపిల్లల పనిలా అనిపించింది కానీ నన్ను గట్టెక్కించింది అదే. ఎన్ని జతలున్నాయో కంటికి కనిపిస్తే సగం పని అయిపోతుంది. ‘టూ పేషెంట్స్ డైడ్, త్రీ వర్ డిశ్చార్జ్‌డ్’ అన్నది మన చెవికి బాగానే ఉంటుంది. ఇద్దరు చనిపోయారు, ముగ్గురు డిశ్చార్జ్ అయ్యారు అని తెలుగులో నిక్షేపంగా రాస్తాం కదా. ఇంగ్లీషులో మాత్రం సొంత కర్త, సొంత క్రియ ఉన్న రెండు వాక్యాల్ని కామా ఒక్కటే కలిపి ఉంచలేదు. సెమికోలన్ వేయాలి, లేదా కామా తర్వాత ‘అండ్’ చేర్చాలి.

నాకు అన్నిటికంటే కష్టమైంది, ఇప్పటికీ అన్నిటికంటే జాగ్రత్తగా చూసేది ‘హూ’, ‘విచ్’ల ముందు కామా. ఒక మెడికల్ పేపర్లో ‘ద పేషెంట్స్ హూ వర్ డయాబెటిక్ వర్ ఎక్స్‌క్లూడెడ్’ అని ఉందనుకోండి. కామాలు లేకపోతే రోగుల్లో షుగర్ ఉన్నవాళ్లను మాత్రమే పక్కన పెట్టారని అర్థం. ‘పేషెంట్స్’ తర్వాత ఒకటి, ‘డయాబెటిక్’ తర్వాత ఒకటి పెడితే, రోగులందరికీ షుగర్ ఉంది, అందరినీ పక్కన పెట్టారని అర్థం. మనం ‘షుగర్ ఉన్న రోగులు’ అంటాం. విశేషణం ముందే వచ్చేస్తుంది, కామా అవసరమే పడదు. అందుకే ఈ తేడా మన కంటికి ఆనదు. పక్క సీటు తమిళ అమ్మాయిదీ ఇదే బాధ.

ఈ కామాలు జోడెద్దుల్లాంటివి, ఒకటి కడితే రెండోదీ కట్టాలి. మధ్యలో మాటలు ఎత్తేసి చదివినా రచయిత చెప్పదలచింది అలాగే నిలబడితే జోడు ఉండొచ్చు. లేకపోతే రెండూ తీసేయాలి. ఏది నిజమో వాక్యం చూసి తేలకపోతే? కింద ఇచ్చిన టేబుల్‌లో అంకెలు చూడాలి. అక్కడా తేలకపోతే ఆథర్ క్వెరీ పెట్టాలి, అంటే రచయితనే రాసి అడగాలి. రచయిత పక్షాన మనమే తేల్చేయకూడదు. వేగం కోసం క్వెరీలు తగ్గించమనే టీమ్ లీడర్లు ఉంటారు, ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ల మాట వినొద్దంటాను.

జాబితాలో ఆఖరి ‘అండ్’ లేదా ‘ఆర్’ ముందు పెట్టే ఆక్స్‌ఫర్డ్ కామా గురించి జనం ఎక్కువ వాదించుకుంటారు. రోజువారీ పనిలో అది తేలిక, పబ్లిషర్ స్టైల్ షీట్, అంటే వాళ్ల నియమాల పట్టిక, ఏం చెబితే అదే. అలాగని చిన్న విషయమేం కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉండేది, ‘ఆర్’ ముందు కామా లేకుండా. పంపిణీ వేరే పనా, లేక పంపిణీ కోసం ప్యాక్ చేయడమా? ఓవర్‌టైమ్ డబ్బుల కోసం కేసు వేసిన అక్కడి ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు సరుకు పంపిణీ చేస్తారు, ప్యాక్ చేయరు. 2017లో అప్పీలు కోర్టు వాళ్లవైపే మొగ్గింది, మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

మిగతావి అలవాటు మీద వచ్చాయి. కోట్ మూసేటప్పుడు అమెరికన్ స్టైల్‌లో కామా లోపల ఉంటుంది, బ్రిటిష్ స్టైల్‌లో చాలాసార్లు బయట. ‘జులై 4, 1776’ అని రాస్తే వాక్యం మధ్యలో సంవత్సరం తర్వాత కూడా కామా కావాలి. ‘4 జులై 1776’ అంటే ఏదీ అక్కర్లేదు.

టెస్ట్‌లో కామాలన్నీ తీసేసిన ఒక పేజీ ఇచ్చారు. మొదట గీతలు గీసుకున్నాను, తర్వాతే కామాలు పెట్టాను. ‘హూ’ ఉన్న ఒక వాక్యం దగ్గర కామా పెట్టకుండా క్వెరీ రాశాను. మేడమ్ దాని పక్కన టిక్ పెట్టి, మర్నాడు ఫైల్ ఇచ్చారు. కిడ్నీల మీద పేపర్, ‘విచ్’లే ‘విచ్’లు.