ఐసు నీళ్లు

ఒడిశాలో బాలాసోర్ దాటాక చేపల లారీతో ఇరుక్కుపోయాం. ముందు ఏదో ట్రైలర్ పల్టీ కొట్టిందంట. మూడు గంటలు కదల్లేదు. దిగి, వెనక డోర్ కింద కారుతున్న నీళ్లలో చెయ్యి పెట్టా. ఇంకా జివ్వుమంటున్నాయి. హమ్మయ్య!

ఆకివీడులో ఎక్కించిన బొచ్చె, శీలావతి. 16వ నంబరు హైవే మీద 1,000 కిలోమీటర్ల పైనే. తెల్లారగట్ల హౌరా చేపల మార్కెట్లో వేలంపాటకి అందాలి. లేటైతే చేప అదే, రేటు మాత్రం అది కాదు.

షావుకారు అప్పటికి నాలుగోసారి ఫోను. "ఎక్కడున్నావురా?" "ఇందాక చెప్పిన చోటేనండి." ఇంకేం చెప్తాం! రెండో డ్రైవర్ బాబాయ్ మాత్రం వెనక సీట్లో గుర్రు పెడుతున్నాడు. ఆయన ధైర్యం ఏంటో నాకు అర్థం కాదు.

చేరేసరికి పాట మొదలైంది గానీ అయిపోలేదు. ఒకాయన శీలావతి మొప్ప ఎత్తి చూశాడు. ఎర్రగా ఉంది. తలూపాడు. అంతే. నాకు బెంగాలీ రాదు, ఆయనకి తెలుగు రాదు, ఆ తలూపుడు చాలు.

ఇప్పుడే ఇంటికి వీడియో కాల్ చేశా. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నానని చెప్పినా మా పాప ముక్కు మూసుకుంది. ఫోన్లోంచే!