వగరు అన్న మాట దొరికేదాకా వైన్ నాకు ఎక్కలేదు (నా అనుభవం)

నిన్న నంది కొండల కింద ఒక ద్రాక్షతోట చూసొచ్చా, ఆ వేడి చల్లారకముందే రాసేస్తున్నా. మా ఊళ్ళో వైన్స్ అంటే బ్రాందీ షాపు, అసలు వైన్ బెంగుళూరు వచ్చేదాకా చూడలేదు. నేర్చుకుందామని ఒక క్లాసులో చేరా. గ్లాసు కాడ పట్టుకోవడం, తిప్పి వాసన చూడటం, రుచి చూసి ఉమ్మేయడం ఒక్కపూటలో వచ్చేశాయి, వాటికేం భయపడక్కర్లేదు.

నన్ను ముంచింది డ్రై అన్న మాట.

ముందు కాబర్నే సోవిన్యాన్ పోశారు, రెడ్. ఒక్క గుక్కకే నాలుక పిడచకట్టుకుపోయింది. స్వీటా డ్రైయా అంటే డ్రై అన్నా, కరెక్టన్నారు. తర్వాత సోవిన్యాన్ బ్లాం, వైట్. పుల్లగా ఉండి నోట్లో నీళ్ళూరుతున్నాయి, అందుకని ఇది డ్రై కాదండీ అన్నా. క్లాసు చెప్పేఆయన అందరి ముందూ నవ్వేసి "ముందు ఇంగ్లీష్ నేర్చుకుని రండి" అన్నాడు, పక్కవాళ్ళూ నవ్వారు. సరే వాసనేంటి అన్నాడు. జామకాయ అన్నా. దోరకాయ కొరికితే గుప్పుమంటుందే, అచ్చం అదే. అది వాసనల పేర్లున్న షీటులో లేదు, గూస్‌బెర్రీ అని రాసుకోండి అన్నాడు. గూస్‌బెర్రీ అంటే మనకి తెలిసింది ఉసిరికాయ, ఆయన చెప్పేది యూరప్‌లో కాసే వేరే కాయ, నేను జన్మలో తినలేదు. తినని కాయ పేరు రాసుకుని, తెలిసిన కాయ పేరు కొట్టేశా. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తర్వాత నా అంతట నేను చదువుకుంటే తెలిసింది, డ్రై అంటే తీపి లేకపోవడం, అంతే. ద్రాక్షరసంలో చక్కెర దాదాపు అంతా ఈస్ట్ తినేసి ఆల్కహాల్ చేసేస్తే అది డ్రై వైన్. నోరు పిడచకట్టించేది టానిన్, దాని లెక్క వేరు. దానికి మన దగ్గర ఎప్పట్నుంచో మాట ఉంది, వగరు! నేరేడుపండు, వక్క, పచ్చి అరటికాయ తెలిసిన నోటికి టానిన్ గురించి ఒకరు చెప్పాలా? ఉగాది పచ్చడిలో వగరుని విడిగా పట్టుకునే వాళ్ళం మనం. ఇంకోటి, జామకాయలోనూ సోవిన్యాన్ బ్లాంలోనూ ఒకే రకం వాసన పదార్థాలుంటాయి, థయాల్స్ అంటారు. అంటే నా ముక్కు కరెక్టే. నేర్చుకోవడానికి వచ్చినవాడి మాటని నవ్వులపాలు చేసేవాళ్ళు పాఠం చెప్పకూడదు, ఎంత పెద్ద సర్టిఫికెట్ ఉన్నా సరే.

ఇక నిన్నటి సంగతి. చిక్కబళ్ళాపురం వైపు చాలా ఇళ్ళల్లో తెలుగే కదా, తోటలో పనిచేసే పెద్దాయన కూడా తెలుగే. షిరాజ్ అనే రెడ్ వైన్ ద్రాక్ష గుత్తిలోంచి నాలుగు పళ్ళు తుంచి చేతిలో పెట్టాడు, తినే ద్రాక్షలో సగం కూడా లేవు, లావు బఠాణీ అంత. "గుజ్జు మింగేసి తొక్కా గింజా నమిలి సూడప్పా" అన్నాడు. గుజ్జు ఒట్టి తీపి, రంగే లేదు. తొక్క నమిలితే వేళ్ళూ పళ్ళూ ఊదారంగు, కొంచెం వగరు. గింజ పటుక్కుమనగానే నాలుక పట్టేసింది. క్లాసులో తాగిన రెడ్ మొత్తం ఆ గింజలో ఉంది! రెడ్‌ని తొక్కా గింజలతో కలిపి పులియబెడతారు, వైట్‌కి ముందే రసం పిండి వేరు చేసేస్తారు, అందుకే ఆరోజు ఒక గ్లాసు పిడచకట్టించింది, ఇంకోటి నోరూరించింది. ఆరు నెలలు తలకెక్కనిది నాలుగు పళ్ళతో ఎక్కింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఒక సీసా కొనుక్కోకుండా ఇద్దరు ముగ్గురు కలిసి రెండు కొనండి, పక్కపక్కన పెట్టుకుని తాగితేనే తేడా తెలుస్తుంది. రెడ్‌ని రూమ్ టెంపరేచర్లో తాగాలని రెస్టారెంట్లవాళ్ళు చెప్తే నమ్మొద్దు, ఆ మాట చలిదేశాల గదులది, 16-18 డిగ్రీలు చాలు. మన ఎండాకాలం గదిలో పెట్టింది తాగితే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలీదు. మటన్‌తో వగరు బాగా తగ్గుతుంది, కానీ కారం దట్టించిన కూరతో టానిన్ ఉన్న రెడ్ పెట్టుకుంటే నోరు మండిపోతుంది, దానికి కాస్త తీపున్న చల్లటి వైటే మేలు.

తోట నుంచి ఒక షిరాజ్ తెచ్చుకున్నా. అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టా, తీసే టైమయింది.