నాలుగొందల పన్నెండు

పొద్దున ఆంకీ (పదాలు గుర్తుపెట్టుకోడానికి వాడే ఫ్లాష్‌కార్డుల యాప్) తెరిస్తే 200 అని చూపించింది. హమ్మయ్య ఇంతేనా అనుకున్నా, తీరా చూస్తే అది రోజుకి రివ్యూ లిమిట్ అంట, అంటే పాత కార్డులు రోజుకి అన్నే చూపిస్తుంది, లిమిట్ పెంచి చూస్తే అసలు లెక్క 412. రెండంటే రెండు రోజులు జ్వరమొచ్చి ముట్టుకోలేదు, అంతే.

జ్వరం మీదకి నెట్టేద్దామనుకున్నా గానీ అసలు తవ్వుకున్న గొయ్యి రెండు నెలల కిందటిది. జపనీస్ మొదలెట్టిన ఊపులో రోజుకి 20 కొత్త పదాలు, యాప్‌లో ముందే ఉండే నంబర్ కదా అని అలాగే ఉంచేశా. మొదటి వారం ఎంత హాయో, పావుగంటలో అయిపోయేది, ఇంకో పది వేసుకుందామా అని కూడా అనిపించింది. ఇవాళ వేసిన కార్డు రేపొస్తుంది, తర్వాత మూడ్రోజులకి, వారానికి, అలా పాతవి తిరిగొస్తూనే ఉంటాయి, పైన కొత్తవి పడుతూనే ఉంటాయి, అన్నీ వాయిదాల మీద కొనేసి నెల తిరిగాక లబోదిబోమన్నట్టు.

కాగితం తీసుకుని కూర్చున్నా. రోజుకి ఎన్ని కొత్తవి వేస్తే కొన్నాళ్ళకి దానికి ఏడెనిమిది రెట్లు రివ్యూలు తగులుతాయని ఒక మోటు లెక్క ఉంది, పైగా కొత్తది వేసిన రోజే ఒక మూడుసార్లు కనిపిస్తుంది, అంటే ఎనిమిదీ మూడూ కలిపి ఒక్కో కొత్త కార్డుకి రోజుకి 11 సార్లు బటన్ నొక్కాలి. 20 కొత్తవంటే 220. నాకు కార్డుకి సగటున 12 సెకన్లు పడుతోందని స్టాట్స్‌లో ఉంది, మొత్తం 44 నిమిషాలు. నాకు నిజంగా దొరికేది 25 నిమిషాలు, అందులో పట్టేవి 125. పదకొండుతో భాగిస్తే పదకొండు చిల్లర. సరే, పది. ఇంత చిన్న భాగహారం రెండు నెలల కింద ఎందుకు చెయ్యలేదో!

ఆ పది కూడా కుప్ప కరిగాకే, అందాకా కొత్తవి సున్నా పెట్టేశా.

ఇక 412లో ముందు ఏవి? ఎబింగ్‌హాస్ అని ఒకాయన అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి తన మీదే ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకం వేశాడు, మర్చిపోయేది మొదట్లోనే జోరుగా, తర్వాత మెల్లగా అని. నెలకోసారి వచ్చే కార్డుకి రెండు రోజుల లేటు లెక్కే కాదు, ఒక్కరోజు గ్యాప్‌తో రావాల్సిన దానికైతే ఆ గ్యాప్ మూడింతలైపోతుంది. పోయినవి ఎలాగూ పోయాయి, ఇంకా గుర్తున్నవి జారిపోకుండా చూసుకుందాం అని ఎక్కువ గుర్తుండేవే ముందొచ్చేలా ఆర్డర్ మార్చా. తిరగేసి చేసేవాళ్ళూ ఉన్నారు, నాకైతే ముందే వరసగా యాభై తప్పులు చేసి కూర్చునే ఓపిక లేదు.

ఇంకో ఘనకార్యం కూడా బయటపడింది. 90 శాతం గుర్తుండాలి అని ఉండే సెట్టింగ్‌ని ఎప్పుడో ఆశకొద్దీ 95 చేశా. ఐదేగా అనిపిస్తుంది, కానీ దానివల్ల గ్యాపులు సగానికన్నా తగ్గిపోయాయి. మళ్ళీ 90కి తెచ్చా.

మధ్యలో ఒక కార్డు ఎనిమిదోసారి తప్పి, యాప్ దానికి లీచ్ అని ముద్ర వేసి ఆపేసింది. లీచ్ అంటే జలగ, పేరు బాగా పెట్టారు. మత్సు, అంటే ఎదురుచూడటం. దీన్ని చూసిన ప్రతిసారీ మోత్సు అంటున్నా, అది చేత పట్టుకోవడం. రెండు కంజీలకీ (జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు) కుడివైపు సగం ఒకటే, కళ్ళు అక్కడికే పోతున్నాయి. ఇవాళ తీరిగ్గా పక్కపక్కన పెట్టి చూస్తే మోత్సులో ఎడమన చెయ్యి గుర్తుంది, మత్సులో ఉన్నది నడకకి సంబంధించిన గుర్తు. ఇన్ని రోజులూ కార్డు తిప్పడమే గానీ ఒక్కసారి కూడా చూడలేదన్నమాట. రెండూ ఒకే కార్డు మీద వేసి, ఏది ఏది అని అడిగేలా రాసుకుని, జలగని డిలీట్ కొట్టా.

25 నిమిషాలకి అలారం మోగింది. ఇంకా 280 పైనే ఉన్నాయి, చెయ్యి లాగుతోంది గానీ మూసేశా.